విడిపోయాక పీఎఫ్‌ ఎవరిది?

ఫ్లాట్‌ ఎవరికి, కారు ఎవరికి, పాప ఎవరి దగ్గర ఉంటుంది, పెళ్లిలో పెట్టిన బంగారం ఏమైంది... విడాకుల దాకా వచ్చిన ఏ ఇంట్లోనైనా పెద్దమనుషులు కూర్చుంటే వచ్చే ప్రశ్నలివే. వాషింగ్‌ మెషిన్‌ దగ్గర్నుంచి కొండాపూర్‌ అపార్ట్‌మెంట్‌ దాకా అన్నీ కాగితం మీదికి వస్తాయి. ఒక్కటి మాత్రం రాదు. నెలనెలా జీతంలోంచి చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయి ఈపీఎఫ్‌వో ఖాతాలో పెరుగుతూ ఉండే ప్రావిడెంట్‌ ఫండ్‌. కంటికి కనపడదు కాబట్టి లెక్కలోకీ రాదు. తీరా చూస్తే కొన్ని ఇళ్లలో ఫ్లాట్‌ తర్వాత అతిపెద్ద ఆస్తి అదే!

హైటెక్‌ సిటీ అంటే ఇప్పటికీ కుర్రకారు ఊరే అనుకుంటాం. కానీ ఒక్కసారి లెక్కేయండి. మాదాపూర్‌లో సైబర్‌ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబర్‌ 22న. ఆ ఏడు ఇరవై నాలుగేళ్ల వయసులో అక్కడ కొలువులో చేరిన వాళ్లకి ఇప్పుడు యాభై దాటాయి. అంటే మాదాపూర్‌, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల మొదటి తరం రిటైర్మెంట్‌ వైపు నడుస్తోంది. పాతికేళ్ల పీఎఫ్‌ పోగుపడిన ఈ వయసులో ఆలుమగలు విడిపోతే ప్రశ్న భరణంతో ఆగదు. 'అరవై ఏళ్లొచ్చాక నా బతుకేంటి?' అన్న దగ్గర మొదలవుతుంది. పిల్లల కోసం మధ్యలో ఉద్యోగం మానేసిన ఆడవాళ్లకైతే ఇది మరీ పెద్ద ప్రశ్న. ఈ వారం దాని గురించే.

పెన్షన్‌ పేరుకే!

ముందు అసలు పంచుకోవడానికి ఏముందో చూద్దాం. ప్రభుత్వ ఉద్యోగికి ఉన్నట్టు ఐటీ ఉద్యోగికి జీతంలో సగం పెన్షన్‌ రాదు. ఉన్నది ఉద్యోగుల పెన్షన్‌ పథకం, 1995లో వచ్చింది. కంపెనీ కట్టే 12 శాతంలో 8.33 శాతం ఇందులోకి వెళ్తుంది. కాకపోతే అసలు జీతం మీద కాదు, గరిష్ఠ పరిమితి మీద. ఆ పరిమితిని 2014 సెప్టెంబర్‌ 1న 15 వేల రూపాయలకు పెంచారు. దాని ప్రకారం నెలకు 1,250 రూపాయలే పెన్షన్‌ ఖాతాకి చేరతాయి. వచ్చే పెన్షన్‌ కూడా అలాగే ఉంటుంది. పెన్షన్‌కి లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. పాతికేళ్లు పనిచేసి, అదనంగా ఇచ్చే రెండేళ్లూ కలిస్తే 27 ఏళ్లు. 15 వేలను 27తో గుణించి 70తో భాగిస్తే నెలకు 5,786 రూపాయలు. గచ్చిబౌలిలో కారు పార్కింగ్‌తో సహా అద్దెకుండే మనిషికి అది ఏ మూలకి?

ఇంకో సంగతి. 2014 సెప్టెంబర్‌ 1 తర్వాత కొత్తగా ఉద్యోగంలో చేరి, అప్పటికే బేసిక్‌ 15 వేలు దాటినవాళ్లని ఈ పెన్షన్‌ పథకంలోకి తీసుకోలేదు. వాళ్ల విషయంలో కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌లోకే పోతుంది. కాబట్టి చాలామంది ఐటీ వాళ్లకి ముసలితనపు ఆసరా అంటే పీఎఫే. దానికి తోడు గ్రాట్యుటీ, అంటే ఏడాది సర్వీసుకి పదిహేను రోజుల జీతం చొప్పున వచ్చేది. కొందరికి నేషనల్‌ పెన్షన్‌ సిస్టమ్‌ ఖాతా, మరికొందరికి కంపెనీ ఇచ్చిన షేర్లు. విడిపోయేటప్పుడు మాట్లాడుకోవాల్సింది వీటన్నిటి గురించీ.

చట్టం ఏమంటోంది?

చాలామంది అనుకునేదేంటంటే... విడాకులు తీసుకుంటే భర్త ఆస్తిలో సగం భార్యకి వస్తుందని. సినిమాల్లోనూ సీరియళ్లలోనూ అలాగే చూపిస్తారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఎవరి పేరు మీదున్నది వాళ్లదే. పెళ్లి తర్వాత సంపాదించింది ఇద్దరిదీ అనే సూత్రం మన వివాహ చట్టాల్లో కనపడదు. గోవా సంగతి మాత్రం వేరు. పోర్చుగీసు కాలం నాటి పౌరస్మృతి ప్రకారం అక్కడ వేరే ఒప్పందం రాసుకోకపోతే పెళ్లితోనే ఇద్దరి ఆస్తీ ఉమ్మడవుతుంది.

ఈ లోటు మన పార్లమెంటు దృష్టికి రాకపోలేదు. భర్త స్థిరాస్తిలో భార్యకి వాటా ఇప్పించేలా వివాహ చట్టాల సవరణ బిల్లు 2010లో వచ్చింది. 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది కూడా. లోక్‌సభ గడప దాటలేదు. 2014లో సభ రద్దవడంతో బిల్లూ మురిగిపోయింది.

ఇక పీఎఫ్‌ సంగతి మరీ గట్టిది. ఈ డబ్బుని ఎవరికీ రాసివ్వకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఏ కోర్టు డిక్రీ కిందా జప్తు చేయకూడదు అని 1952 నాటి పీఎఫ్‌ చట్టంలోని 10వ సెక్షన్‌లోనే రాశారు. ఉద్దేశం మంచిదే. అప్పులవాళ్లు వచ్చి కార్మికుడి ముసలితనాన్ని ఎత్తుకుపోకూడదని. గ్రాట్యుటీకీ 1972 చట్టంలో అలాంటి రక్షణే ఇచ్చారు. (2025 నవంబర్‌ 21న కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాక ఈ రెండు చట్టాల విషయాలూ సామాజిక భద్రత స్మృతి కిందికి చేరాయి.) ఇది కాక, సివిల్‌ ప్రొసీజర్‌ కోడ్‌లోని 60వ సెక్షన్‌ కూడా పెన్షన్‌నీ గ్రాట్యుటీనీ జప్తు కాకూడని వాటి జాబితాలో పెట్టింది. కాకపోతే భార్యని అప్పులవాళ్లతో జమకట్టకూడదని, మనోవర్తి బాకీ కోసం పెన్షన్‌లోంచి కోత వేయొచ్చని తీర్పులిచ్చిన హైకోర్టులూ ఉన్నాయి.

ఇక్కడో తమాషా ఉంది. అదే 60వ సెక్షన్‌ జీతం విషయంలో ఏం చెబుతోందో చూడండి. మనోవర్తి డిక్రీ అమలు చేసేటప్పుడు జీతంలో మూడోవంతుకే రక్షణ. మిగతా రెండొంతులనూ జప్తు చేయొచ్చు! అంటే భర్త ఈ నెల జీతం మీదికి చట్టం చెయ్యి బాగా పొడుగ్గా వెళ్తుంది. అదే జీతంలోంచి పక్కకి తీసి దాచిన పీఎఫ్‌ దగ్గరికొచ్చేసరికి ముడుచుకుపోతుంది.

మరి దారి లేదా?

ఉంది. హిందూ వివాహ చట్టంలోని 25వ సెక్షన్‌. విడాకులిచ్చేటప్పుడు గానీ, ఆ తర్వాత గానీ కోర్టు శాశ్వత భరణం ఇప్పించొచ్చు. ఒకేసారి మొత్తంగానూ ఇప్పించొచ్చు, నెలనెలా కట్టమనీ చెప్పొచ్చు. ఎంత అని తేల్చేటప్పుడు అవతలి వాళ్ల ఆదాయాన్నీ, 'ఇతర ఆస్తి'నీ చూడాలని ఆ సెక్షన్‌ చెబుతోంది. పట్టు ఇక్కడుంది. పీఎఫ్‌ని కోసి ముక్క ఇవ్వమని కోర్టు ఈపీఎఫ్‌వోకి చెప్పలేకపోవచ్చు. కానీ ఈయన పీఎఫ్‌లో ఇంత ఉంది, గ్రాట్యుటీ ఇంత రాబోతోంది, కాబట్టి ఈయన స్తోమత ఇదీ అని లెక్కగట్టడానికి ఏ అడ్డూ లేదు. పైగా ఆ భరణానికి భద్రతగా అవతలి వాళ్ల స్థిరాస్తి మీద చార్జి పెట్టే అధికారం కూడా 25వ సెక్షన్‌లోనే ఉంది. పీఎఫ్‌ని ముట్టుకోలేకపోతే ఫ్లాట్‌ని పట్టుకోవచ్చన్నమాట.

ఒక్క మాటలో చెప్పాలంటే... పీఎఫ్‌ని పంచలేరు, కానీ లెక్కలో కలపొచ్చు. అడిగితేనే!

రిజిస్టర్‌ పెళ్లి చేసుకుని ప్రత్యేక వివాహ చట్టం కిందికి వచ్చేవాళ్లకి 37వ సెక్షన్‌లో ఇలాంటి ఏర్పాటే ఉంది. అయితే అక్కడ శాశ్వత భరణం అడిగే హక్కు భార్యకే. విడాకులు పొందిన ముస్లిం మహిళలు 1986 నాటి ప్రత్యేక చట్టంతో పాటు, అందరికీ వర్తించే పాత క్రిమినల్‌ ప్రొసీజర్‌ కోడ్‌ 125వ సెక్షన్‌ కింద కూడా మనోవర్తి అడగొచ్చని సుప్రీంకోర్టు 2024 జులై 10న తేల్చిచెప్పింది. అది మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసే. ఆ 125వ సెక్షన్‌ స్థానంలో ఇప్పుడున్నది భారతీయ నాగరిక్‌ సురక్షా సంహితలోని 144వ సెక్షన్‌.

ఒక లెక్క చూద్దాం

ఒక జంట ఉందనుకోండి. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. ఐదేళ్లు కలిసి సంపాదించారు. బాబు పుట్టాక ఆమె మానేసింది. మానేసినప్పుడు తన పీఎఫ్‌లో ఉన్న ఆరు లక్షలూ తీసి ఫ్లాట్‌ డౌన్‌పేమెంట్‌కి ఇచ్చింది. లోన్‌ ఆయన పేరు మీద దొరికింది కాబట్టి రిజిస్ట్రేషన్‌ కూడా ఆయన పేరు మీదే అయింది. ఆయన ఉద్యోగం సాగింది, పీఎఫ్‌ పెరిగింది. పధ్నాలుగేళ్ల తర్వాత విడిపోదామనుకున్నారు.

ఇప్పుడు ఫ్లాట్‌ విలువ కోటి. లోన్‌ బాకీ 20 లక్షలు. నికరంగా 80 లక్షలు. పెద్దమనుషులు కూర్చుని 'ధర్మంగా చెరిసగం చేసుకోండి' అన్నారు. ఆమెకి 40 లక్షలు, ఆయనకి 40 లక్షలు. బయటినుంచి చూసేవాళ్లకి ఎంత న్యాయంగా ఉందో!

ఇప్పుడు ఆయన పీఎఫ్‌ పాస్‌బుక్‌ తెరుద్దాం. అందులో 52 లక్షలున్నాయి. పెళ్లినాటికే 4 లక్షలు ఉండేవి. 8.5 శాతం వడ్డీ అనుకుంటే ఆ నాలుగే పధ్నాలుగేళ్లలో పన్నెండు లక్షల పైచిలుకు అవుతాయి. అది ఆయన బ్రహ్మచారిగా కూడబెట్టుకున్నది, దాని జోలికి వెళ్లొద్దు. మిగిలిన 40 లక్షలు కాపురం చేసిన కాలంలో చేరినవి. ఆయన ఆఫీసులో రాత్రింబవళ్లు పనిచేయగలిగాడంటే ఇంట్లో బాబుని చూసుకున్న మనిషి ఒకరున్నారు కాబట్టే.

ఆ 40 లక్షలు కూడా కలిపితే ఉమ్మడి కష్టార్జితం 80 కాదు, కోటీ 20 లక్షలు. సగం అంటే 60 లక్షలు. ఆయన పీఎఫ్‌ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, ఈపీఎఫ్‌వోకి ఒక్క దరఖాస్తూ పెట్టనక్కర్లేదు. ఫ్లాట్‌ అమ్మిన 80 లక్షల్లో ఆమె 60 తీసుకుంటుంది, ఆయన 20 తీసుకుని తన పీఎఫ్‌ మొత్తం తనే ఉంచుకుంటాడు. పాస్‌బుక్‌ తెరవని పంపకానికీ, తెరిచిన పంపకానికీ తేడా 20 లక్షలు. ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లైన మనిషికి ఆ 20 లక్షలే వృద్ధాప్యం!

ఈ చెరిసగం లెక్క చట్టం రాసిపెట్టింది కాదని మరోసారి గుర్తు చేస్తున్నా. కోర్టు తనకు తోచిన న్యాయం ప్రకారం తక్కువైనా ఇవ్వొచ్చు, ఎక్కువైనా ఇవ్వొచ్చు. కానీ పరస్పర అంగీకారంతో విడిపోయేటప్పుడు ఏ సూత్రం పెట్టుకుని మాట్లాడుకోవాలన్నది మీ చేతుల్లోనే ఉంటుంది. ఆయన వైపు నుంచీ న్యాయంగా ఆలోచించాలి. పీఎఫ్‌ డబ్బు రిటైరయ్యాక వచ్చేది, ఫ్లాట్‌ డబ్బు ఇప్పుడే చేతికొచ్చేది. ఫ్లాట్‌ అమ్మితే పన్ను ఉండొచ్చు. అందుకని పీఎఫ్‌ లెక్కలో కొంత తగ్గించమని ఆయన అడిగితే అది గొంతెమ్మ కోరికేం కాదు.

జర్మనీలో ఇలా... అమెరికాలో అలా

ఇదంతా మనవాళ్లు కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. విడాకులప్పుడు కాపురం చేసిన కాలానికి పెన్షన్‌ హక్కుల్ని ఇద్దరికీ సర్దే పద్ధతి జర్మనీలో 1977లోనే వచ్చింది. కెనడా ప్రభుత్వ పెన్షన్‌ పథకంలో 1978 నుంచి జమల్ని పంచుతున్నారు. బ్రిటన్‌లో 2000 డిసెంబర్‌ నుంచి కోర్టు ఒకరి పెన్షన్‌ ఫండ్‌లోంచి ఇంత శాతం తీసి రెండోవారి పేరు మీద వేయమని ఆదేశించొచ్చు. ఆస్ట్రేలియాలో 2002 చివర్నుంచి అలాంటిదే ఉంది.

అమెరికా సంగతి మనవాళ్లకి మరీ అవసరం. హెచ్‌1బీ మీద వెళ్లి అక్కడ కొన్నేళ్లు చేసి గచ్చిబౌలికి తిరిగొచ్చిన వాళ్లలో చాలామందికి అక్కడ 401కే ఖాతా ఉంటుంది. అది మన పీఎఫ్‌లాంటిదే. మామూలుగా దాన్ని కూడా వేరేవాళ్లకి రాసివ్వకూడదు. కానీ 1984లో చట్టం సవరించి విడాకులకి మాత్రం ఒక తలుపు తెరిచారు. అక్కడి రాష్ట్ర చట్టం కింద కోర్టు నిర్ణీత పద్ధతిలో ఉత్తర్వు ఇస్తే, ప్లాన్‌ నడిపే సంస్థ ఆ వాటాని నేరుగా మాజీ భార్యకో మాజీ భర్తకో ఇచ్చేస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, టెక్సస్‌, వాషింగ్టన్‌ రాష్ట్రాల్లోనైతే కాపురంలో సంపాదించింది ఇద్దరిదీ అన్నదే మూలసూత్రం.

ఇక్కడ మెలిక ఏంటంటే... మన ఫ్యామిలీ కోర్టు విడాకులిచ్చి 401కేలో సగం ఆమెకివ్వాలని రాసినా ఆ కాగితం చూసి అమెరికా ప్లాన్‌ డబ్బు విడుదల చేయదు. వాళ్లకి కావాల్సింది అక్కడి రాష్ట్ర చట్టం కింద వచ్చిన ఉత్తర్వు. కాబట్టి ఇక్కడ విడిపోయేవాళ్లు దాన్ని కూడా పీఎఫ్‌ లాగే లెక్కలో కలిపి, వేరే ఆస్తితో సర్దుబాటు చేసుకోవడం తేలిక.

మరి విడాకులే అక్కడ తీసేసుకుంటే? దానికి జవాబు మన తిరుపతి కేసులోనే ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న జంట. కొన్నాళ్లకి విడిపోయారు. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర కోర్టులో విడాకులు తెచ్చుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య రెండో పెళ్లి నేరమని కేసు పెట్టింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఏ చట్టం ప్రకారం పెళ్లి చేసుకున్నారో ఆ చట్టం ఒప్పుకునే కారణంతో, సరైన అధికార పరిధిలో, రెండో పక్షం నిజంగా హాజరై వాదించుకున్న లేదా ఒప్పుకున్న కేసులో వస్తేనే విదేశీ విడాకులు చెల్లుతాయని 1991 జులైలో కోర్టు తేల్చింది. ఇప్పటికీ విదేశీ విడాకుల మీద గొడవ వస్తే లాయర్లు ముందు తీసేది ఆ తీర్పే. ఆ విడాకులు ఇక్కడ చెల్లకపోతే మొదటి భార్య ఇక్కడి చట్టం దృష్టిలో ఇంకా భార్యే. రేపు పెన్షన్‌ దగ్గర, పీఎఫ్‌ నామినీ దగ్గర అది అడ్డం తిరుగుతుంది.

దాచేస్తే ఎలా తెలుస్తుంది?

'ఆయన పీఎఫ్‌లో ఎంతుందో నాకేం తెలుసు? పాస్‌వర్డ్‌ ఆయన దగ్గరే ఉంది' అంటారు చాలామంది. ఒకప్పుడు ఇది నిజంగా పెద్ద అడ్డంకే. జీతం దాచిపెట్టడం, ఉన్న ఉద్యోగం పోయిందని చెప్పడం, రోజుకో మాట మార్చడం... ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులైనా, ఢిల్లీ కోర్టులైనా ఇదే తంతు. దీనికి 2020 నవంబర్‌ 4న సుప్రీంకోర్టు ఒక మందు వేసింది. జస్టిస్‌ ఇందూ మల్హోత్రా, జస్టిస్‌ ఆర్‌.సుభాష్‌రెడ్డిల ధర్మాసనం మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు అన్నీ ప్రమాణపత్రంలో రాసివ్వాల్సిందేనంది. దాని నమూనా కూడా తీర్పుతోనే జతచేసింది. అబద్ధం రాస్తే చర్యలుంటాయని హెచ్చరించింది. అవతలి వాళ్లు పీఎఫ్‌ నిల్వ రాయకుండా వదిలేశారా? యూఏఎన్‌ పాస్‌బుక్‌ దాఖలు చేయించమని మీ లాయర్‌ ద్వారా కోర్టుని అడగండి.

ఇంట్లో దొరికే కాగితాలు కూడా చాలా చెబుతాయి. పే స్లిప్పులో పీఎఫ్‌ కోత ఎంతో ఉంటుంది. దానికి కంపెనీ వాటా కలిపితే నెలకి ఎంత చేరుతోందో తెలిసిపోతుంది. ఫారం 16లో జీతం, పన్ను మినహాయింపులు కనిపిస్తాయి. ఉద్యోగంలో చేరినప్పటి ఆఫర్‌ లెటర్‌ ఉంటే గ్రాట్యుటీ ఏనాటి నుంచి లెక్కో తేలుతుంది. బేసిక్‌ లక్ష రూపాయలుండి పధ్నాలుగేళ్ల సర్వీసైతే గ్రాట్యుటీ సుమారు 8 లక్షలు. అదీ చిన్న మొత్తమేం కాదు.

ఒక ఎత్తుగడ గురించి కూడా చెప్పుకోవాలి. గొడవలు మొదలవగానే కొందరు స్వచ్ఛంద పీఎఫ్‌ అమాంతం పెంచేసుకుంటారు. చేతికొచ్చే జీతం సగానికి సగం తగ్గిపోతుంది. 'నాకొచ్చేదే ఇంత, భరణం ఎక్కణ్నుంచి ఇవ్వను?' అంటారు. డబ్బేమో జప్తుకి అందని ఖాతాలో భద్రంగా పెరుగుతూ ఉంటుంది. కోర్టులు ఈ ఆట ఎరగనివేం కాదు. భరణం లెక్కకి ఆదాయపు పన్ను, తప్పనిసరి పీఎఫ్‌ వంటి కోతలనే సాధారణంగా మినహాయిస్తాయి. సొంత ఇష్టంతో పెంచుకున్న పొదుపునీ, తీసుకున్న అప్పుల వాయిదాలనీ జీతంలోంచి తీసేయడానికి ఒప్పుకోవు. ఆరునెలల పే స్లిప్పులు వరసగా పక్కన పెడితే ఎప్పుడు పెంచారో చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది.

విడాకుల్లేవు... విడివిడిగా ఉంటున్నారు

మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది ఇదే. పరువు కోసమో, పిల్లల పెళ్లిళ్ల కోసమో కోర్టుకి వెళ్లరు. ఆయన మియాపూర్‌లో, ఆమె విజయవాడలో. పదేళ్లు అలాగే గడిచిపోతాయి. చట్టం దృష్టిలో వాళ్లు ఇంకా ఆలుమగలే. ఆయన పెన్షన్‌ పథకంలో సభ్యుడై ఉండి పోతే వితంతు పెన్షన్‌ ఆమెదే. అదే విడాకులు మంజూరైతే ఆ హక్కు పోతుంది. 'ఎలాగూ కలిసి ఉండట్లేదు, ఆ కాగితం మీద సంతకం పెట్టేయమ్మా' అని చెప్పే బంధువులకి ఈ సంగతి తెలియకపోవచ్చు. మీకు తెలియాలి. విడాకులు వద్దని కాదు. పోయే హక్కు విలువెంతో కట్టి, దానికి బదులు తీసుకున్నాకే సంతకం చేయాలని.

ఇక నామినీల గందరగోళం. ఉద్యోగంలో చేరిన రోజు హెచ్‌ఆర్‌ వాళ్లిచ్చిన ఫారాల కట్టలో అమ్మ పేరు రాసేస్తాం. తర్వాత పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, విడిపోతాం. ఆ ఫారం మాత్రం అలాగే ఉంటుంది. 2025 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు చూడండి. రక్షణశాఖ అకౌంట్స్‌ విభాగంలో 2000లో చేరిన ఉద్యోగి జనరల్‌ ప్రావిడెంట్‌ ఫండ్‌కి తల్లిని నామినీగా పెట్టాడు. 2003లో పెళ్లయింది. మిగతా వాటిలో భార్య పేరు మార్చాడు, ఇందులో మార్చలేదు. 2021లో చనిపోయాడు. ఆ పథకం నిబంధన ప్రకారం పెళ్లితోనే పాత నామినేషన్‌ చెల్లకుండా పోయిందని, డబ్బు భార్యకీ తల్లికీ చెరిసగమని కోర్టు చెప్పింది. అత్తాకోడళ్లు నాలుగేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక!

1952 నాటి పీఎఫ్‌ స్కీములో ఇంకో వింత కూడా ఉంది. ఉద్యోగిని 'నా భర్తని నా కుటుంబంలో లెక్కించొద్దు' అని పీఎఫ్‌ కమిషనర్‌కి రాసిస్తే చాలు, అతను కుటుంబం లెక్కలోంచి తప్పుకుంటాడు. అదే మగ ఉద్యోగి అలా రాస్తే సరిపోదు. భార్యకి మనోవర్తి పొందే హక్కు పోయిందని రుజువు చేయాలి. విడిగా ఉంటున్న ఆడవాళ్లలో ఈ వెసులుబాటు తెలిసినవాళ్లు ఎంతమంది?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకీ 2024 జనవరిలో ఇలాంటి వీలు కల్పించారు. విడాకుల కేసు నడుస్తుంటే, భర్త కన్నా ముందు పిల్లలకి కుటుంబ పెన్షన్‌ వెళ్లేలా రాసివ్వొచ్చు.

ఆమె జీతమే ఎక్కువైతే?

ఈ ఊళ్లో ఇది అరుదేం కాదు. ఆమె డైరెక్టర్‌, ఆయన స్టార్టప్‌ పెట్టి చేతులు కాల్చుకున్నవాడు. అప్పుడు పీఎఫ్‌ నిండుగా ఉన్నది ఆమె ఖాతాలోనే. హిందూ వివాహ చట్టంలోని 24, 25 సెక్షన్లు భార్యాభర్తల్లో ఎవరైనా మనోవర్తి అడగొచ్చనే చెబుతున్నాయి. కాబట్టి 'పీఎఫ్‌ని లెక్కలో కలపాలి' అన్న సూత్రం రెండువైపులా కోసే కత్తే. ఇంటిపట్టున ఉండి పిల్లల్ని చూసుకున్నది ఎవరో, ఎవరి కెరీర్‌ ఆగిపోయిందో అదే అసలు ప్రశ్న. అది ఆడా మగా అన్నది తర్వాత.

సంతకానికి ముందు

పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్లు ఒప్పందం రాసుకుంటారు కదా, అందులో ఈ సంగతులు ఉన్నాయో లేదో చూసుకోండి.

పెళ్లినాటి పీఎఫ్‌ నిల్వ, విడిపోయిననాటి నిల్వ, ఇద్దరివీ రాయాలి. పాత కంపెనీల్లో వదిలేసిన ఖాతాలని మరిచిపోవద్దు. నాలుగు కంపెనీలు మారినవాళ్లకి బదిలీ కాని పీఎఫ్‌ ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది.

గ్రాట్యుటీ, ఎన్‌పీఎస్‌, 401కే, కంపెనీ షేర్లు... విడివిడిగా పేరుపేరునా రాయాలి. ఇంకా చేతికి రాని షేర్లుంటే వాటి సంగతేంటో ఒక వాక్యం ఉండాలి.

పీఎఫ్‌కి బదులుగా ఇచ్చేదేంటో స్పష్టంగా ఉండాలి. 'రిటైరయ్యాక పీఎఫ్‌లోంచి ఇస్తాను' అన్న మాట మీద ఆధారపడొద్దు. రేపు ఇవ్వకపోతే ఆ ఖాతాని జప్తు చేయించడం కష్టమని పైన చెప్పుకున్నాం. ఇప్పుడే ఫ్లాట్‌లోనో, డిపాజిట్‌లోనో తీసుకోవాలి. అది వీలుకాక వాయిదాలకి ఒప్పుకుంటే స్థిరాస్తి మీద చార్జి పెట్టించుకోవాలి.

డిక్రీ చేతికొచ్చిన వారంలోనే యూఏఎన్‌ పోర్టల్‌లోకి వెళ్లి ఈ-నామినేషన్‌ మార్చాలి. బీమా పాలసీలు, బ్యాంకు ఖాతాలు, డీమ్యాట్‌ కూడా. విడాకులైపోయాయి కదా అని నామినీ పేరు తనంతట తనే చెరిగిపోదు.

అన్నిటికన్నా ముందు మరొకటి. కాపురం చల్లగా సాగుతున్నవాళ్లు కూడా ఈ ఆదివారం ఒకరి పాస్‌బుక్‌ ఒకరికి చూపించుకోండి. ఉద్యోగం మానేసిన భార్య పేరు మీద నెలనెలా పీపీఎఫ్‌లోనో, ఎన్‌పీఎస్‌లోనో కొంత వేయడం మొదలుపెట్టండి. ఫ్లాట్‌ ఇద్దరి పేరు మీదా రాయించుకోండి. కలిసి ఉన్నా అది మంచిదే, ఖర్మకాలి విడిపోయినా మంచిదే.

పోరు నష్టం, పొందు లాభం అన్నారు పెద్దలు. ఆ పొందు కుదరనప్పుడు కనీసం లెక్కైనా కుదరాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈపీఎఫ్‌వో అసలే పెట్టదు. పెద్దమనుషుల ముందు కూర్చున్న రోజు ఫ్లాట్‌ సంగతి వాళ్లే ఎత్తుతారు. పాస్‌బుక్‌ సంగతి మీరే ఎత్తాలి.